తీగకి వేళ్లెందుకు?

నాకు వృక్షశాస్త్రం రాదు. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరూ నన్ను నిలదీయరు. నేను చదివింది బి.ఏ. చరిత్రా, తెలుగూను. మొక్కల గురించి నాకు తెలిసిందల్లా మా పెరట్లో ఏది బతికిందీ, ఏది చచ్చిందీ అన్నంతవరకే. అయితే ఇరవయ్యేళ్లుగా నవలలు రాస్తున్నదాన్ని గనక తీగలతో నాకు చాలా పనిపడింది. నా కథానాయికలు లతల్లా వణికారు. తీగల్లా అల్లుకుపోయారు. ఒక నవల్లో అయితే ఒక్క అధ్యాయంలోనే నాయిక మూడుసార్లు అల్లుకుందని ఓ పాఠకురాలు లెక్కపెట్టి మరీ ఉత్తరం రాసింది! కాబట్టి ఇక్కడ నేను ఎవరినైనా దులిపితే, ఆ వరసలో నేనూ నిలబడి ఉన్నానని గుర్తుపెట్టుకోండి.

ఇక విషయంలోకి వస్తాను.

మొన్న మాఘమాసంలో మా బాబాయికి భీమరథ శాంతి చేశారు. డెబ్బై ఏళ్లు వచ్చాయి కదా అని పిల్లలు ముచ్చటపడ్డారు. తెనాలికి అవతల చిన్న ఊరు. ఇంటి ముందు షామియానా, నూటయాభై కుర్చీలు, ఒక మైకు. మైకు కనిపిస్తే మాట్లాడకుండా ఉండలేని పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉంటాడు. ఆయన లేచి, స్త్రీ లత అనీ, పురుషుడు మహావృక్షమనీ, వృక్షం లేకపోతే లత నేలపాలనీ ఇరవై నిమిషాలు ఆశీర్వదించాడు. చప్పట్లు కొట్టాం.

తర్వాత బాబాయి మైకు అందుకున్నారు.

"మాస్టారు ఏదో లత అన్నారు గానీ, మా ఆవిడ మామూలు లత కాదండోయ్! మన మినపచేలల్లో పడుతుందే, బంగారు తీగ, ఆ రకం. నలభై ఎనిమిదేళ్లుగా నన్నే చుట్టుకుని పీల్చేస్తోంది. అయినా ఇంకా నిలబడే ఉన్నాను, చూసుకోండి!"

షామియానా గొల్లుమంది. పిన్ని ఏం చేస్తోందనుకున్నారు? పట్టుచీర కట్టుకుని పీటల మీదే ఉంది. కానీ కళ్లు వంటవాళ్ల వైపున్నాయి. రెండో బంతికి పులిహోర చాలదని చేత్తో సైగ చేస్తోంది. ఆవిడా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వలేదని రాస్తే అబద్ధమవుతుంది.

నవ్వాక మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఎందుకంటే ఆ తీగ మాట నేను వినడం అది మొదటిసారి కాదు. మూడేళ్ల కిందట పిన్నికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు చూడ్డానికి వెళ్లాను. మంచం మీద కూర్చుని, ఎప్పటినుంచో అనుకున్న మాటలా మెల్లిగా, "ఈ ఇల్లు ఇద్దరి పేరా ఉండేట్టు రాయించకూడదూ?" అంది. బాబాయి పేపర్లోంచి తలెత్తలేదు. "తీగకి వేళ్లెందుకే?" అన్నారు. అప్పుడూ అందరం నవ్వాం. నవ్వడంతో ఆ మాట అక్కడితో అయిపోయింది. పిన్ని మళ్లీ ఎత్తలేదు.

పోనిద్దురూ, వేళాకోళం కదా అంటారా? నేనూ అలాగే అనుకుని కారెక్కేశాను. మా ఆడపడుచు కూతురు మాతో వచ్చింది. అది బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. ఊరు దాటాక అదే అంది. "అత్తయ్యా, తాతగారు చెప్పిన బంగారు తీగ చూస్తావా?" మావారు గొణుక్కుంటూ కారాపారు.

మా డెల్టా మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు ఆ తేమలోనే మినుములు చల్లేస్తారు. దున్నడం లేదు. నీళ్లు పెట్టడం లేదు. నేలలో మిగిలిన తడికీ, రాత్రి కురిసే మంచుకీ పంట వచ్చేస్తుంది. అలాంటి పచ్చటి చేను. మధ్యలో అక్కడక్కడా ఎవరో పసుపు కలిపిన సేమ్యా పారబోసినట్టు పెద్ద పెద్ద మచ్చలు. దగ్గరికెళ్తే అన్నీ దారాలే. ఆకు లేదు. చూద్దామంటే ఒక్క ఆకు లేదు. నేను వంగి, ఒక దారం పట్టుకుని, మొదలెక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాను. ఒక మొక్క మీంచి ఇంకో మొక్క మీదికి, అక్కడి నుంచి మరో దాని మీదికి వెళ్తోందే గానీ నేల మీదికి దిగదే!

"మొదలు లేదత్తయ్యా" అంది పిల్ల. "మొదట్లో ఉండేది. దొరకాల్సింది దొరికాక ఎండిపోయింది."

ఆ చేలోనే, చీర కుచ్చెళ్లకి మన్ను అంటుకుంటుంటే, అరగంటసేపు పాఠం విన్నాను. తర్వాత ఇంటికొచ్చి దాన్ని వదలకుండా పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ఎందుకు చదివానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

బంగారు తీగ విత్తనం ఆవగింజ కంటే చిన్నది. పైన గట్టి పెంకు. పదేళ్లు దాటినా నేలలో అలాగే పడి ఉండగలదు. మొలిచినప్పుడు దారప్పోగులా లేస్తుంది. విత్తనంలో కట్టి ఇచ్చిన చద్దిమూట నాలుగైదు రోజులు, మహా అయితే వారం పది రోజులకి వస్తుంది. ఈలోగా ఎవరో ఒకరు చిక్కాలి, లేకపోతే చస్తుంది. అందుకని ఆ దారం కొస గాలిలో గుండ్రంగా తిరుగుతూ వెతుకుతుంది. గుడ్డిగా వెతుకుతుందనుకునేరు! 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్ష చేసి చూశారు. టమాటా మొక్క వాసన ఏ వైపు నుంచి వస్తే దారం ఆ వైపుకే వంగింది. ఒక పక్క గోధుమ, ఒక పక్క టమాటా పెడితే ఎక్కువగా టమాటా వైపే పోయింది. దానికి ముక్కు లేదు. కళ్లు లేవు. కానీ ఏ ఇంట్లో రసం ఎక్కువుందో తెలుసు.

దొరికాక రెండు మూడు చుట్లు చుట్టుకుంటుంది. చుట్టుకున్న చోట లోపలి వైపు చిన్న చిన్న బొడిపెలు పుడతాయి. వాటిని శాస్త్రంలో హాస్టోరియా అంటారట. మనం నోళ్లు అనుకుందాం. ఆ నోళ్లు కాండాన్ని చీల్చుకుని లోపలికి దిగి, నీళ్లు పైకెళ్లే గొట్టాల్లోనూ, ఆకులు వండిన తిండి కిందికి దిగే గొట్టాల్లోనూ అతుక్కుంటాయి. ఇక పంపు బిగించినట్టే. అప్పుడు కింద ఉన్న కాస్త వేరూ ఎండిపోతుంది. నేలతో పనేముంది? సంస్కృతంలో దీన్ని ఆకాశవల్లి అన్నారు. ఎంత అందమైన పేరో చూడండి! నేలతో పని లేనంత మాత్రాన ఆకాశంలో ఉన్నట్టా? పక్కింటి వంటింట్లో ఉన్నట్టు.

ఇదీ బంగారు తీగ. ఇప్పుడు పిన్ని పెరటికి రండి.

పిన్ని పెరట్లో చిక్కుడు పాదు ఉంది. బీర పాదు, కాకర పాదు ఉన్నాయి. గోడవార మల్లె ఉంది. నూతి పక్కన అవిసె చెట్టుకి తమలపాకు తీగ ఎక్కించింది. ఇవన్నీ తీగలే. అన్నీ దేన్నో ఒకదాన్ని ఆనుకునే పెరుగుతున్నాయి. చిక్కుడు ఒళ్లంతా గుంజకి చుట్టుకుంటుంది. బీరా, కాకరా నులితీగలతో పట్టుకుంటాయి. తమలపాకు కణుపు కణుపుకీ చిన్న వేళ్లు పుట్టించి అవిసె బెరడుని కరుచుకుంటుంది. కానీ బెరడు మీద కరుచుకోవడమే తప్ప లోపలికి దిగదు. అరకు, పాడేరు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీదికి పాకే మిరియాల తీగదీ అదే పద్ధతి. ప్రతి తీగకీ నేలలో దాని వేళ్లు దానికున్నాయి. ప్రతి తీగకీ దాని ఆకులు దానికున్నాయి. ఎండలో నిలబడి దాని అన్నం అది వండుకుంటుంది. కాస్త నిలబడ్డానికి ఆసరా అడిగింది, అంతే.

దీనికి మీకు సాక్ష్యం కావాలా? పందిరి గుంజని చూడండి. ఎండిన వెదురు. అందులో చుక్క రసం లేదు. ఆ ఎండుకర్రని చుట్టుకునే కదా చిక్కుడు పాదు బుట్టలకొద్దీ కాస్తోంది! బీరపాదుని ఇనుప తీగ మీద పాకిస్తే పాకదూ? బంగారు తీగని తీసుకెళ్లి ఎండు వెదురు మీద వేసి చూడండి. చచ్చి ఊరుకుంటుంది. ఆసరాకి కర్ర చాలేది ఒక జాతి, ఆహారానికి మనిషి కావాల్సింది ఇంకో జాతి. అల్లుకోవడం వేరు, పీల్చడం వేరు. ఈ రెంటినీ కలిపేసి, చుట్టుకున్నది కనక పీలుస్తోందని తేల్చేశారు, మైకు పట్టుకున్న పెద్దమనుషులూ, నాలాంటి రచయిత్రులూను.

కాళిదాసుని అనకండి, ఆయన నయం. శాకుంతలంలో శకుంతల ముద్దుగా పెంచుకున్న మల్లెతీగ ఒకటుంది. పేరు వనజ్యోత్స్న. మామిడి చెట్టుని తానే వరించిన పెళ్లికూతురు అని దానికి ముచ్చట. ఆ పెళ్లికూతురికి నీళ్లు విడిగా పోశారు. దానికి పాదు విడిగా ఉంది. పూలు దానివి. మామిడి రసం తాగి మల్లె పూసిందని ఆయన ఎక్కడా అనలేదు. ఆ పోలికని పట్టుకొచ్చి, పాదు పూడ్చేసి, నీళ్లు మానేసి, "చెట్టు మీద పడి బతుకుతోంది" అనడం మాత్రం మన తెలివే.

పేర్ల సంగతి కూడా చెప్పి తీరాలి. బంగారు తీగకి తెలుగులో ఇంకా పేర్లున్నాయి. ఒకటి సీతమ్మ పోగునూలు. పాపం, సీతమ్మ ఎవరిని పీల్చిందట? అడవికి వెంట నడిచింది. ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. ఆవిడ నూలుపోగు పేరు దీనికి తగిలించారు. సరే, ఆ పసుపు దారాలు చూసి భక్తితోనే పెట్టారనుకుందాం. రెండో పేరు చివర సవరం అని ఉంటుంది, మన జడల్లో పెట్టుకునే సవరమే. దాని ముందున్న మాటని ఈ పత్రికలో అచ్చు వెయ్యరు. ఒళ్లమ్ముకుని బతికే ఆడదాన్ని తిట్టే మాట అది. ఒకే మొక్క! అటు సీతమ్మా ఆడదే, ఇటు ఈవిడా ఆడదే. మధ్యలో మనమందరం. పొగాకు చేలల్లో వేళ్లని పట్టి పీల్చే ఇంకో దొంగ మొక్క ఉంది. అది తీగ కాదు, నేల కింద పని చేస్తుంది. దాని పేరు పొగాకు మల్లె. జొన్న వేళ్లని పట్టేది జొన్న మల్లె. దోచుకు తినే మొక్క కనిపించగానే జడ, పువ్వు, సీతమ్మ గుర్తొచ్చారు. తలపాగా, మీసం ఎవరికీ గుర్తు రాలేదు!

ఇది నవ్వులాటే అయితే నేనూ నవ్వి ఊరుకుందును. కానీ ఈ వేళాకోళం లెక్కల పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. 2001 జనాభా లెక్కల్లో వంట చెయ్యడం, అంట్లు తోమడం, పిల్లల్ని చూసుకోవడం, నీళ్లు మోయడం చేసే ఆడవాళ్లని పని చెయ్యనివాళ్ల పట్టీలో వేశారు. ఆ పట్టీలోనే బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలు ఉన్నారు. అలా చేరిన ఆడవాళ్లు దాదాపు 36 కోట్ల మంది. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు. 2010లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టే దీన్ని తప్పుపట్టింది. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణి చాకిరీకి విలువ కట్టేటప్పుడు వచ్చిన చర్చ అది. చూశారా, చచ్చిపోయాక గానీ విలువ కట్టాల్సిన అవసరం రాలేదు.

2019లో దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్కారు వాళ్లే సర్వే చేశారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఈ 97 అయినా ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు. అలా చెయ్యి పెట్టినవాళ్లు నూటికి 26 మందే. రోజుకి అయిదు గంటలు వండి, వార్చి, తోమి, ఉతికే తీగని నేనెక్కడా చూడలేదు. బాపట్ల పిల్లనడిగాను. వాళ్ల పుస్తకాల్లోనూ లేదట.

పిన్ని సంగతే తీసుకోండి. బాబాయి కష్టపడలేదని నేననను. ఎండలో, బురదలో నలభై ఏళ్లు సేద్యం చేశారు. పీల్చి బతికిన మనిషి కాదాయన. కానీ ఆ సేద్యంలో పిన్ని ఏం చేసిందో నాకు తెలుసు. రెండు గేదెల పాలు పితికి కేంద్రానికి పంపేది. కూలీలకు అన్నాలు వండేది. మినుములు చల్లే ముందు విత్తనాలు జల్లెడ పట్టేది కూడా ఆవిడే. ఎందుకో తెలుసా? బంగారు తీగ విత్తనాలు మినుముల్లో కలిసే చేలోకి వస్తాయి. అవి సన్నంగా ఉంటాయి గనక జల్లెడలోంచి కిందికి రాలతాయి. నలభై ఏళ్లు ఆ చేలోకి బంగారు తీగ రాకుండా జల్లెడ పట్టిన మనిషిని పట్టుకుని, నూటయాభై మంది ముందు బంగారు తీగ అన్నారు!

ఒకసారి పిన్ని పెద్దకూతురి పురిటికి మూడు నెలలు హైదరాబాదులో ఉండిపోయింది. అక్కడ ఆవిడకేం లోటు రాలేదు. అపార్టుమెంటు బాల్కనీలో తొట్టెల్లో బచ్చలి, దొండ వేసేసింది. పై అంతస్తువాళ్లకి ఊరగాయలు పట్టడం నేర్పింది. ఇక్కడ బాబాయి మాత్రం పదిహేను రోజులకే వాడిపోయారు. హోటల్ కారియరు పడలేదు. చొక్కా ఎక్కడుందో తెలియలేదు. బి.పి. మాత్ర ఉదయమా, సాయంత్రమా అని రోజూ ఫోను. చెట్టు లేకపోతే తీగ నేలపాలు కావాలి కదా! నేలపాలైంది ఎవరో చుట్టుపక్కల వాళ్లందరికీ తెలుసు.

ఇంతకీ నేను ఆ మొక్క గురించి చదువుతూ పోయానన్నాను కదా. చదివినకొద్దీ అది మరీ తెలివైనదని తెలిసింది. మామూలుగా మొక్కకి గాయమైతే తిండి కారిపోకుండా గొట్టాలు బిగిసిపోయే ఏర్పాటు ఉంటుంది. బంగారు తీగ ఏం చేస్తుందంటే, చిన్న చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కల్ని ఎదుటి మొక్కలోకి పంపి, ఆ ఏర్పాటు చేసే జన్యువుల నోరు నొక్కేస్తుందట. 2018లో బయటపడిన సంగతి ఇది. అంటే దెబ్బ తగిలినా, తగిలిందని లోపల్లోపల కూడా అరవనివ్వదన్నమాట. ఆ తర్వాత 2020లో చైనాలోని కున్మింగ్ శాస్త్రవేత్తలు ఇంకోటి చెప్పారు. ఆ జాతిలో వాళ్లు పరిశీలించిన రకానికి పూత ఎప్పుడు పూయాలో సొంతంగా తెలియదు. ఎదుటి మొక్క పూతకొచ్చే కబురు దాని ఒంట్లో పారుతుంటే దాన్ని దొంగచాటుగా విని, అప్పుడు తనూ పూస్తుంది. పంట చేతికొచ్చే వేళకి ఇదీ తయారన్నమాట.

అది చదివినప్పుడు నాకు ఎవరు గుర్తొచ్చారో చెప్పనా? పిన్ని కాదు. మా అక్క పెళ్లిచూపులకి వచ్చిన ఒక వరుడి తండ్రి గుర్తొచ్చాడు. కాఫీ తాగుతూ, పిల్ల వైపు ఒక్కసారీ చూడకుండా, మా నాన్నగారికి ఎక్కడెక్కడ ఎన్నెన్ని ఎకరాలున్నాయో, ఏ కాలవ కింద ఉన్నాయో వాసన పట్టేశాడు. మా పక్కింటి గోధుమని వదిలేసి మా ఇంటి టమాటాకే వచ్చాడు! కట్నం నేరమని చట్టం వచ్చింది 1961లో. ఇప్పటికీ ఉద్యోగం చేసే అమ్మాయి జీతం ఎంతో, ఆ జీతం ఏ తేదీన పడుతుందో పెళ్లికి ముందే కనుక్కునే ఇళ్లు నాకు తెలుసు. పంట చేతికొచ్చే వేళ వాళ్లకి బాగా తెలుసు. ఆ తర్వాత ఆ పిల్లకి ఎంత నొప్పి కలిగినా పుట్టింటికి కబురు పోనివ్వరు.

మగవాళ్లందరూ బంగారు తీగలేనని నేననబోవడం లేదు. అలా అంటే నేనూ ఒక మైకు పట్టుకున్నదాన్నవుతాను. పైగా ఆ మొక్కనీ మరీ తిట్టబుద్ధి కావడం లేదు. దాని ఒంట్లో పచ్చదనం లేదు, ఉన్న కాస్తా దాని కడుపుకు చాలదు. ఒక్కసారి చేతికందింది పట్టుకోకపోతే చచ్చిపోతుంది. దానికి వేరే దారి లేదు. దారి ఉండి కూడా ఇలా బతికేవాళ్ల సంగతి వేరు, వాళ్ల జోలికి మొక్కని లాగడం దానికే అవమానం.

నా పేచీ ఇంకొకటి. వేళ్లు లేని తీగ అంటున్నారే, ఆ వేళ్లు ఏమైనట్టు?

పిన్నికి వేళ్లుండేవి. వాళ్ల నాన్నగారు పసుపు కుంకుమ కింద ఎకరం మాగాణి ఇచ్చారు. మా అమ్మ చెబుతుండేది, ఆ ఎకరం మీద వచ్చే శిస్తుతో పిన్ని తనకంటూ రెండు చీరలూ, పుట్టింటికి పోయినప్పుడు పిల్లలకి బిళ్లలూ కొనుక్కునేదట. 1984లో బాబాయి ఇంటిస్థలం కొనాలనుకున్నారు. అప్పు చెయ్యడం ఎందుకన్నారు అందరూ. ఎకరం అమ్మారు. పిన్ని సంతకం పెట్టింది. ఆ డబ్బుతో కొన్న స్థలానికి దస్తావేజు బాబాయి పేర అయింది. ఎవరూ మోసం చెయ్యలేదు. ఎవరికీ వేరే ఆలోచనే రాలేదు, పిన్నికి కూడా. నలభై ఏళ్ల తర్వాత మోకాలు నొప్పితో మంచం మీద కూర్చుని, సగం అడిగితే, తీగకి వేళ్లెందుకన్నారు!

బంగారు తీగ వేరు దానంతటదే ఎండిపోతుంది. పిన్ని వేరుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి పెరికారు. ఈ తేడా ఎవరికైనా చిన్నదిగా కనిపిస్తే నేనేం చెప్పను?

"నీకెందుకమ్మా, వాళ్లిద్దరూ బాగానే ఉన్నారు కదా" అని మా అమ్మే నన్ను కోప్పడింది. బాగానే ఉన్నారు. బాబాయికి పిన్నంటే ప్రాణం. ఆ సంగతి నేనూ కాదనను. ఆపరేషన్ అప్పుడు రాత్రంతా ఆస్పత్రి బల్ల మీద కూర్చున్నది ఆయనే. ప్రాణమైన మనిషి పేరు దస్తావేజులో ఉంటే ఏమవుతుందన్నదే నా ప్రశ్న. రేపు ఆయన లేనినాడు పిన్ని ఏ కొడుకు దగ్గర, ఏ గదిలో ఉండాలో ఎవరు తేలుస్తారు? "అమ్మకి ఇల్లెందుకు, మేం లేమా" అని ఆ పిల్లలు ఇప్పుడే అంటున్నారు. మంచి పిల్లలే. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న మాటే అంటున్నారు.

పోయిన నెలలో పనుండి తెనాలి వెళ్లి, అట్నుంచి పిన్ని వాళ్ల ఊరు వెళ్లాను. బాబాయి భోంచేసి పడుకున్నారు. పిన్ని పెరటి కంచె దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కంచె మొక్కల మీద ఎలా వచ్చిందో, బంగారు తీగ పడింది. చేలో పడేదానికంటే లావుగా ఉంది, సన్న తాడంత. పిన్ని కత్తెర పట్టుకుని పచ్చటి కొమ్మలు కూడా కత్తిరించి గోనెలో వేస్తోంది.

"మంచి కొమ్మలు పిన్నీ, అవెందుకు కొయ్యడం? తీగ లాగేస్తే చాలదూ?" అన్నాను, అరవ్యవసాయం చదివినదాన్నిగా.

"లాగితే తెగి వస్తుందే. నోళ్లు కొమ్మలోనే ఉండిపోతాయి. నాలుగు రోజులకి మళ్లీ లేస్తుంది. పట్టినంతమేరా కొమ్మతో సహా తీసెయ్యాలి. కింద ముక్క పడినా ఊరుకోదు, ఏరి కాల్చాలి" అంది.

నేనూ కింద కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. నేను చదివిందంతా చెప్పాను, టమాటా వాసన దగ్గర్నుంచి పూత కబురు దాకా. పిన్ని కత్తెర ఆపకుండా వింది. గొట్టాల నోరు నొక్కడం దగ్గర ఒక్కసారి నా వైపు చూసింది. చిక్కుడుకీ, దీనికీ తేడా గురించి నేను పెద్దగా చెబుతుంటే, "అది నాకు తెలీకపోతే కదే!" అంది.

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గోనె సగం నిండింది. లోపల బాబాయి గురక వినిపిస్తోంది. పిన్ని చేతులు దులుపుకుని, చీరకొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించింది.

"ఏమే, ఎనభై నాలుగులో మన ఎకరం అమ్మిన కాగితం ఉంటుంది చూడూ, దానికి నకలు ఇస్తారా ఇప్పుడు?"

"ఇస్తారు పిన్నీ. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడిగితే ఇస్తారు."

"ఎంత అడుగుతారు?"

కనుక్కుని చెబుతానన్నాను. దస్తావేజు నంబరు గుర్తుందా అంటే, నంబరు తెలియదు గానీ అమ్మింది సంక్రాంతి వెళ్లిన మూడో రోజున అంది. కొన్నవాళ్ల ఇంటిపేరు చెప్పింది. ఆ కాగితం మీద తను వేలిముద్ర వెయ్యలేదనీ, సంతకమే పెట్టాననీ రెండుసార్లు చెప్పింది. నా సంచిలోంచి పెన్ను తీసి అన్నీ రాసుకున్నాను.